అదే కొండ, అదే కుడుక

మరకతదుర్గానికి తూర్పున వడ్డాణంలా ఒదిగి పారే శంఖినీ నది ఎండిపోయి రెండు నెలలయింది. పట్టపుటేనుగులు జలకమాడే రేవులో ఇసుక తేలింది. రాజమందిరపు పాలరాతి కొలనుల్లో తామరతూళ్ళు ఎండి పుల్లలయ్యాయి. నగర స్త్రీలు పొద్దు పొడవకముందే బిందెలతో నదిలోకి దిగి, ఇసుకలో చెలమలు తవ్వి, కొబ్బరిచిప్పలతో నీళ్ళు ఎత్తుకుంటున్నారు. ఒక్క బిందె నిండేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది.

ఇదంతా కరాళదంతుడనే మాంత్రికుడు చేసిన పని. వాడు నదిని ఒక శంఖంలో బంధించి, ఆ శంఖాన్ని గూబకొండ శిఖరం మీద గుహలో దాచాడు. అయితే ఆ కొండకు కొండదేవర పెట్టిన కట్టు ఒకటుంది. ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకీ మరునాటి సూర్యోదయాన కొండ పాదంలోని రాతిద్వారమూ, శిఖరం మీది గుహద్వారమూ ఒక్కసారే తెరుచుకుంటాయి. సరిగ్గా మూడు గడియలకు గుహద్వారం మూసుకుంటుంది. ఆ లోగా కింది నుంచి పైకి చేరినవాడికే శంఖం దక్కుతుంది. నాలుగుసార్లు తెరిచినా ఎవ్వరూ చేరకపోతే నది శాశ్వతంగా మాంత్రికుడిదే. ఇప్పటికి మూడుసార్లు తెరుచుకుంది. ముగ్గురు మేటి వీరులు వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

నాలుగోసారి తెరుచుకునేది రేపే.

అందుకే ఆ ఉదయం ప్రతాపకేసరి మహారాజు కోట ముందరి క్రీడారంగంలో పరీక్ష పెట్టించాడు. కోట వెనకనున్న జెండాకొండ ఎత్తులో గూబకొండకు తీసిపోయినా, ఎక్కి దిగితే దూరం సరితూగుతుంది. దాని కొమ్ము మీద కాషాయపు జెండాలు పాతించాడు. పరుగున పోయి ఒక జెండా పీకి తెచ్చినవారిలో అందరికన్నా వేగిరం వచ్చినవాడు గూబకొండకు వెళతాడు. కాలం కొలవడానికి రంగం నడుమ పెద్ద నీళ్ళతొట్టి పెట్టారు. అందులో గడియకుడుక తేలుతోంది. అడుగున సూదిబెజ్జం ఉన్న రాగిగిన్నె అది. బెజ్జంలోంచి నీరూరి అది మునిగితే ఒక గడియ. మునిగినప్పుడల్లా తీసి మళ్ళీ తేలవేయడానికి పక్కనే గూని ఘటికారి ఒకడు కూర్చున్నాడు.

ఇరవై ముగ్గురు పరుగెత్తారు. పదిమంది కొండ సగంలోనే కూలబడ్డారు. చివరికి మూడో కుడుక అంచు నీటిలోకి జారుతుండగా, ఒళ్ళంతా చెమటతో నల్లరాతి విగ్రహంలా మెరుస్తూ వజ్రనాభుడు వచ్చి జెండాను రాజు పాదాల ముందు పెట్టాడు. అయిదేళ్ళుగా ఆ రంగంలో ఓటమి ఎరగని యోధుడతను. భేరీలు మోగాయి. కోటగోడల మీది జనం ఉత్తరీయాలు విసిరారు.

ఆ హోరు సద్దుమణుగుతుండగా జనంలోంచి ఒక యువతి ముందుకు వచ్చింది. ఎత్తైన మనిషి. చీర మోకాళ్ళ కిందికి కచ్చ బిగించి కట్టింది. చేతిలో చిరుగంటలు కట్టిన వెదురుకర్ర ఉంది. ఆ కర్ర చూసినవాళ్ళకు ఆమె ఎవరో చెప్పనక్కరలేదు. కొండకోనల్లోంచి రాజలేఖలు మోసుకుపరుగెత్తే అంచెవాళ్ళ కర్ర అది. ఆమె పేరు చెంగల్వ. మంచుకోన అంచెవాడు బొర్రన్న కూతురు. మూడేళ్ళ కిందట తండ్రి మోకాలు విరిగింది. అప్పట్నుంచీ లేఖల సంచి మోస్తున్నది ఆమే. కొలువులో మాత్రం బొర్రన్న పేరే పిలుస్తారు.

"ప్రభూ," అంది చెంగల్వ చేతులు జోడించి. "మూడో కుడుక అంచు మునుగుతుండగా వచ్చిన పరుగు గూబకొండకు చాలదు. అక్కడ మెట్లు అరిగిపోయాయి, దారి మీద అడుగేస్తే ఊడే చీకిరాయి. నేను ఆ కొండ కింద రెండుసార్లు లేఖలు మోశాను, కళ్ళతో చూశాను. నన్ను పరుగెత్తనివ్వండి."

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు గోడ మీద నిప్పులా పాకింది.

క్రీడాధ్యక్షుడు భుజబలరాయలు ఆసనం మీంచి లేచాడు. బంగారు పిడి బెత్తం, నాభి దాకా జారిన తెల్లని గడ్డం, ఎవరినీ కసరని మెత్తని గొంతు ఆయనవి. "ఆడవాళ్ళకి కుసుమక్రీడలు వచ్చేవారం ఉన్నాయి కదమ్మా. ఉద్యానవనంలో మూడు చుట్లు. నీడపట్టున, చల్లగా. నీకెందుకీ కొండలూ గుట్టలూ?"

"పోయినేడు ఆ మూడు చుట్లూ పరుగెత్తాను దొరా. రెండో మనిషి సగం తోటలో ఉండగానే నేను చేరాను. బహుమానం కోశాధికారి గారమ్మాయికి ఇచ్చారు. నా జడలో పూలు రాలిపోయాయట. ఆ అమ్మాయి జడలో ఒక్కటీ రాలలేదట."

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక మధ్యలో ఆగిపోయింది.

"అది సౌకుమార్యం చూసే ఆట తల్లీ," అన్నాడు భుజబలరాయలు ఓర్పుగా. "మగవాడి పరుగు చూడ్డానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలి వస్తాయి. ఆడవాళ్ళ పరుగు చూడ్డానికి ఎవరొస్తారు చెప్పు?"

"తోట చుట్టూ రెండు నిలువుల గోడ కట్టించారు. గుమ్మంలో కావలి పెట్టారు. ఎవరూ చూడకుండా గోడ కట్టి, చూడ్డానికి ఎవరూ రారంటే ఎలా దొరా?"

వజ్రనాభుడు ఒళ్ళు తుడుచుకుంటున్నవాడల్లా ఇటు తిరిగాడు. "నాతో సరిసమానంగా పరుగెత్తగలవా నువ్వు?"

"మీతో నాకేం పని? నేను కుడుకతో పరుగెత్తుతాను. అదే కొండ, అదే కుడుక. ఆలస్యమైతే మీరు చెప్పనక్కర్లేదు, నేనే కర్ర పడేసి ఇంటికి పోతాను."

ప్రతాపకేసరి గడ్డం నిమురుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఎదటివాడు గట్టిగా చెబితే అటు ఒరిగే మనిషి. ఆ పూట ఎండిన నది వైపు నుంచి వస్తున్న ఇసుకగాలి అందరికన్నా గట్టిగా చెబుతోంది. "పరుగెత్తనీ," అన్నాడు.

చెంగల్వ నడుం బిగించుకుంటుండగా ఆమె మేనత్త నాంచారి జనాన్ని తోసుకుని వచ్చింది. చెంగులోంచి ఒక తలపాగా, మేకవెంట్రుకలతో అతికిన మీసకట్టు తీసి చేతిలో పెట్టింది.

"ఇవి కట్టుకోవే. ఎవడో కొండవాడు అనుకుంటారు. గోల చెయ్యరు. నా మాట విను."

చెంగల్వ మీసాన్ని తిప్పి చూసి మళ్ళీ మేనత్త చెంగులోనే వేసింది. "ఇది పెట్టుకుని గెలిస్తే గెలుపు దీనిదవుతుంది అత్తా. మేకకి లేనిపోని కీర్తి."

భేరి మోగింది. ఘటికారి కుడుకను నీటి మీద వదిలాడు. చెంగల్వ పరుగందుకుంది.

కోట వెనక సందులు దాటేసరికి జనం అరుపులు సన్నగిల్లాయి. తుమ్మతోపు, ఆపైన బండరాళ్ళ వాలు, ఆపైన ఆకాశంలోకి నిచ్చెన వేసినట్టు నిలువు మెట్లు. ఆమె మెట్ల మీద పాదం పూర్తిగా ఆనించలేదు. మునివేళ్ళతో తాకి లేచింది. చిరుగంటలు తాళం వేస్తున్నాయి, ఊపిరి ఆ తాళానికి నడుస్తోంది. కొమ్ము చేరి జెండా పీకింది. దిగేటప్పుడు మామూలు దారి వదిలి, వానాకాలంలో నీరు దూకే గాడిలోకి దిగి, అటో బండ ఇటో బండ తాకుతూ లేడిపిల్లలా కిందికి వచ్చింది. కాలి బొటనవేలు చిట్లింది. లెక్క చెయ్యలేదు. గంటల లెక్కన తాను రెండున్నర గడియల్లో వచ్చానని ఆమెకు తెలుసు. మూడేళ్ళుగా ఆ గంటలే ఆమెకు గడియారం.

రంగంలో అడుగుపెట్టేసరికి గుప్పుమని నవ్వులు.

"అయిదో కుడుక మునుగుతోంది," అన్నాడు గూని ఘటికారి గొంతు సాగదీసి. "వజ్రనాభుల వారికి మూడు. ఈమెకు అయిదు."

"దాందేముందిలే, ఆడపిల్ల అయ్యుండి జెండా తెచ్చింది, అదే పదివేలు," అన్నాడు భుజబలరాయలు, నిజంగానే మెచ్చుకుంటున్నట్టు. "ఒక పట్టుచీర ఇప్పించండి ప్రభూ."

చెంగల్వ రొప్పుతూనే తొట్టి దగ్గరకు వెళ్ళింది. నీటిలో మునుగుతున్న గిన్నెను వంగి చూసింది. అది కొత్త రాగి. ఎర్రగా తళతళలాడుతోంది. పొద్దున వజ్రనాభుడు పరుగెత్తినప్పుడు తేలిన గిన్నె చిలుము పట్టి పచ్చగా ఉండడం ఆమె చూసింది.

"పట్టుచీర వద్దు ప్రభూ. ఆయన పరుగుకు పెట్టిన కుడుక ఏది? ఆ రెండూ పక్కపక్కన నీళ్ళలో వదలమనండి."

"మగవాడికి ఒక కుడుక, ఆడదానికి ఒక కుడుక," అన్నాడు ఘటికారి విసురుగా. "ఇది ఎప్పటినుంచో ఉన్న ఆచారం."

"ఉద్యానవనంలో అసలు కుడుకే పెట్టరు కదా. ఇంక ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆశ్చర్యం, ఆ మాటకు ముందుగా కదిలినవాడు వజ్రనాభుడు. అతనికి ఆమె మీద ప్రేమేమీ లేదు. తన గెలుపు మీద మచ్చ పడడం ఇష్టం లేదు. అతను ఘటికారి వెనకనున్న గోనె లాగి, పచ్చని పాతగిన్నె బయటికి తీసి, తన చేత్తోనే తొట్టిలో వదిలాడు. కొత్తదాన్నీ పక్కన వదిలాడు.

కొత్తగిన్నె గుటగుట నీళ్ళు తాగి మునిగింది. తీసి మళ్ళీ వదిలారు. అది రెండోసారి మునిగే వేళకు పాతగిన్నె ఒకసారి మునిగింది.

"రెండింటికి ఒకటి," అన్నాడు రాజు మెల్లగా. "అంటే ఈమె అయిదు కుడుకలు..."

"రెండున్నర," అంది చెంగల్వ. "నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది."

అంతలో ఘటికారి గూని సర్రున విచ్చుకుంది. అందులోంచి రెండు బూడిదరంగు రెక్కలు లేచాయి. ముఖం గుండ్రమై, ముక్కు కొక్కెమై, కళ్ళు రెండు ఇత్తడి పళ్ళేలంతయ్యాయి. ఆవుదూడంత గుడ్లగూబ తొట్టి మీద నిలబడి రెక్క విసిరితే భటులు ఎండుటాకుల్లా దొర్లిపోయారు.

"కరాళదంతుణ్ణిరా నేను," అని కర్కశంగా నవ్వింది ఆ గూబ. "మూడు గడియల మొనగాణ్ణే రేపు పంపండి. నాకూ అదే కావాలి. ఈ పిల్ల వస్తే మటుకు దీని ఎముకలు నా గుహకు తోరణం కడతాను." తొట్టిని గోళ్ళతో తన్ని, చుక్క నీరు మిగల్చకుండా ఒలికించి, ఎండలోకి ఎగిరిపోయింది.

ఒలికిన నీటిని నేల అప్పటికప్పుడే తాగేసింది. అందరూ ఆ తడిమచ్చ వైపే చూస్తున్నారు.

"రేపు వెళ్ళేది చెంగల్వ," అన్నాడు ప్రతాపకేసరి.

"ఒంటరిగానా ప్రభూ?" అన్నాడు భుజబలరాయలు. "ఎంతైనా..."

"ఆ 'ఎంతైనా' ఇక్కడే ఉంచెయ్యండి దొరా. మోసుకుపోవడానికి బరువు," అంది చెంగల్వ.

"నేనూ వెళతాను," అన్నాడు వజ్రనాభుడు. "మూడుకు ఒక్క చిటిక తక్కువలో వచ్చాను. నాకూ హక్కుంది."

"రండి. వెనకబడితే ఆగను," అంది ఆమె.

పూటపొడుగునా గుర్రాల మీద ప్రయాణించి సాయంకాలానికి గూబకొండ చేరారు. అది కొండలా లేదు. నల్లని మేఘం నేలకు దిగి గడ్డకట్టినట్టుంది. పచ్చిక మొలవదు, పిట్ట వాలదు. నెత్తి మీద రెండు కోడిగుడ్డు ఆకారపు శిలలు, కింద నడిచేవాణ్ణి కనిపెడుతున్న కళ్ళలా ఉన్నాయి.

తెల్లవారింది. సూర్యుడి మొదటి కిరణం సోకగానే పాదంలోని రాతిద్వారం గిర్రున తిరిగింది. ఇద్దరూ ఒక్క ఉదుటున లోపలికి దూసుకుపోయారు.

మొదట వెయ్యి మెట్లు. వజ్రనాభుడి తొడబలం ముందు ఆ మెట్లు ఒక లెక్క కాదు. మూడేసి మెట్లు దూకుతూ అతను కనుచూపు దాటిపోయాడు. చెంగల్వ తన తాళం మార్చలేదు. మెట్ల తరవాత దారి చీకిరాయి మీదికి మళ్ళింది. అడుగు వేస్తే పెళ్ళలు ఊడి లోయలోకి జారుతున్నాయి. ఎదురుగా బూరుగుదూదిలాంటి పొగమంచు కమ్ముకు వచ్చింది. మంచులో నాలుగు అడుగులు వేసిందో లేదో, పది బారల దూరంలో వజ్రనాభుడి వీపు కనబడింది.

ఆమె వేగం పెంచింది. అతనూ పెంచాడు. ఆమె ఎంత సాగితే అతను అంత సాగాడు. ఆ పది బారలు తొమ్మిది కాలేదు. ఒకసారి తల తిప్పి చూసి నవ్వాడు కూడా. చెంగల్వకు నరాల్లో నిప్పు పడింది. రంగంలోని నవ్వులన్నీ ఆ ఒక్క వీపులో పోగుపడి ముందు పరుగెత్తుతున్నట్టు తోచింది. పళ్ళు బిగించి అంగలు పెంచింది. ఊపిరి తాళం తప్పింది, గంటలు గజిబిజిగా మోగాయి.

ఆ గజిబిజి చెవిన పడగానే ఆమె ఉలిక్కిపడింది. మూడేళ్ళలో ఆ గంటలు అలా మోగడం ఇదే మొదలు. చప్పున నిలిచి అతని కాళ్ళ వైపు చూసింది. ఆ కాళ్ళు తగిలినచోట ఒక్క పెళ్ళ కూడా కదలడం లేదు. ధూళి లేవడం లేదు.

"నువ్వు మనిషివి కావు," అంది చెంగల్వ. "పో. నీ పరుగు నీది."

పొగతో చేసిన వజ్రనాభుడు నవ్వుతూనే ఇంకో నాలుగు అడుగులు వేశాడు. ఆ అడుగులు అప్పటికే గాలిలో పడుతున్నాయి. అక్కడ దారి లేదు, అడుగు కనపడని లోయ ఉంది. మంచు విడిపోయేసరికి చెంగల్వ పాదాలు అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. అసలు దారి ఎడమకు మళ్ళి ఎప్పుడో వెనకబడిపోయింది. లోయ అడుగున మూడు కవచాలు ఎండకు మెరిశాయి. ముందు వెళ్ళిన ముగ్గురు వీరులూ ఏమయ్యారో ఆమెకు తెలిసింది. ఒకణ్ణి మించాలన్న పట్టుదల మీదే మాంత్రికుడు వల పన్నాడు.

వెనక్కి తిరగబోతుండగా అంచు కిందినుంచి మూలుగు వినబడింది. వంగి చూస్తే రెండు నిలువుల కింద, రాతిలోంచి పొడుచుకు వచ్చిన వేరును పట్టుకుని వేలాడుతున్నాడు అసలు వజ్రనాభుడు. భుజం చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"నువ్విక్కడున్నావా," అన్నాడు అయోమయంగా. "ఇప్పటిదాకా నా ముందు పరుగెత్తింది నువ్వు కాదూ? పది బారల దూరంలో? నీ జడ కూడా కనబడింది."

అంత ప్రమాదంలోనూ చెంగల్వకు నవ్వు ఆగలేదు. "నన్ను పట్టుకోవాలని దూకారన్నమాట."

"నవ్వకు. వేరు ఊడుతోంది. నువ్వు పో. గడియన్నర దాటింది. నా కోసం ఆగితే తలుపు మూసుకుంటుంది."

ఆగనని ముందే చెప్పింది నిజమే. అయినా ఆమె కాళ్ళు కదల్లేదు. నడికట్టు విప్పి వెదురుకర్రకు ముడి వేసింది. కర్రను రెండు బండల మధ్య అడ్డంగా బిగించి, బట్ట రెండో కొస కిందికి జారవిడిచింది. వజ్రనాభుడి బరువుకు వెదురు విల్లులా వంగింది. ఆమె బండకు కాలు తన్నిపెట్టి లాగింది. అరచేతుల తోలు లేచింది. అతను పైకి పాకి బోర్లా పడేసరికి వెదురు ఫెళ్ళున విరిగి, గంటలు ఒక్కొక్కటీ లోయలోకి రాలిపోయాయి.

వజ్రనాభుడు లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. మడమ తిరిగిపోయింది.

"ఇది ఎవరికీ చెప్పకు," అన్నాడు తల దించుకుని.

"చెబుతాను," అంది చెంగల్వ. "చెప్పకపోతే మీరే నన్ను లాగారని కథ కడతారు."

అతను చెయ్యెత్తి పైకి చూపించాడు. "ఎడమ దారి, మూడు మలుపులు. కింద నుంచి చూసి పెట్టుకున్నాను. మూడోది గుడ్డిమలుపు, లోపలి గోడను రాసుకుంటూ పో," అన్నాడు.

ఆమె అప్పటికే పరుగులో ఉంది. గంటలు లేవు, కర్ర లేదు, ఎంత కాలం మిగిలిందో తెలిపేది ఏదీ లేదు. ఇక లెక్కపెట్టడం మానేసి పరుగెత్తింది. మొదటి మలుపులో పైనుంచి బండలు దొర్లాయి. ఒకదాని కింద నుంచి దూరింది, ఒకదాని మీంచి దూకింది. రెండో మలుపులో రాతి పగుళ్ళలోంచి నిప్పుగాలి కొట్టి కనుబొమలు చుర్రుమన్నాయి. మూడో మలుపులో లోపలి గోడను భుజంతో రాసుకుంటూ పోయింది. మలుపు తిరగ్గానే ఎదురుగా గుహద్వారం. ఏనుగంత రాతిపలక కీచుమంటూ దిగుతోంది. నిలువెత్తు సందు నడుమెత్తుకు వచ్చింది. నడుమెత్తు మోకాలెత్తు అయింది. చెంగల్వ నేల మీద ఒరిగి, చేప జారినట్టు ఆ సందులోంచి జారిపోయింది. పలక ఆమె పాదాల వెనక ధన్‌మని కూర్చుంది.

లోపల చీకటి లేదు. గోడలనిండా పొదిగిన నీలమణులు నీటిలోతుల వెలుగును చిమ్ముతున్నాయి. కప్పు నుంచి ముత్యాలసరాల్లా చుక్కరాళ్ళు వేలాడుతున్నాయి. నడుమ వెండిపీఠం మీద దున్నపోతు తల అంత శంఖం. చెవి ఒగ్గితే అందులోంచి శంఖినీ నది హోరు వినబడుతోంది. రేవులో బట్టలుతికే చప్పుడు, ఏనుగు పిల్లల తుంపరలు, అన్నీ ఆ హోరులోనే ఉన్నాయి.

పీఠం మీద బూడిదరెక్కల గుడ్లగూబ వాలి ఉంది.

"చేరావు," అంది గూబ. ఈసారి దాని గొంతులో కరుకుదనం లేదు. "ఇంతవరకు ఎవరూ చేరలేదు. అయినా ఏం లాభం? రేపు నువ్వు తిరిగి వెళితే ఏమంటారో తెలుసా? 'వజ్రనాభుడి మడమ తిరగబట్టి గానీ' అంటారు. 'ఆడదై ఉండి' అంటారు. నీ పరుగును వాడి పరుగు పక్కన పెట్టకుండా ఒక్కడూ మాట్లాడడు. ఒక పని చేస్తాను. నిన్ను మగవాణ్ణి చేస్తాను. ఇవే కాళ్ళు. ఇదే ఊపిరి. ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చి నిన్ను చూస్తాయి. శంఖం నాకు వదిలెయ్యి, చాలు."

చెంగల్వ అరచేతుల నెత్తురు చీరకు తుడుచుకుంది.

"ఇవే కాళ్ళు, ఇదే ఊపిరి అయితే నువ్వు కొత్తగా ఇచ్చేదేముంది?" అంది. "వాళ్ళ కళ్ళు మార్చగలవా? చేతకాదు కదా. తప్పుకో."

మాట పూర్తి కాకముందే ఆమె కదిలింది. గూబ గోళ్ళు చాచి మీదికి దూకింది. ఆ గోళ్ళ కిందనుంచి దూరి, ఉన్న బలమంతా భుజంలోకి తెచ్చుకుని శంఖాన్ని ఢీకొంది. శంఖం పీఠం మీద ఒకసారి ఊగింది. రెండోసారి ఢీకొంది. అది దొర్లి నేల మీద పడి, గుమ్మడికాయలా రెండు చెక్కలైంది.

నది లేచింది.

రెండు నెలల నీరు ఒక్క ఉరుముతో విరుచుకుపడింది. వెండిపీఠం కొట్టుకుపోయింది. నీలమణులు గోడల్లోంచి ఊడి రంగురంగుల నురగలో సుళ్ళు తిరిగాయి. నీరు ద్వారపు పలకకు కొట్టుకుని వెనక్కి విరిగి, క్షణంలో నడుందాకా, మరుక్షణం మెడదాకా వచ్చింది. కప్పు దగ్గర ఆకాశం కనబడే బిలం ఒకటుంది. గుడ్లగూబ చుక్కరాళ్ళను విరుచుకుంటూ దాని వైపు ఎగిరింది. కింద నుంచి అల ఒకటి చెంగల్వను ఎత్తి పైకి విసిరింది. ఆమె చెయ్యి చాపి దొరికినదాన్ని పట్టుకుంది. అది కరాళదంతుడి కాలు.

ఇద్దరూ కలిసి బిలంలోంచి బాణంలా బయటికి వచ్చారు. కింద గూబకొండ పక్క పగిలి, తెల్లని నీటిగోడ మెట్లమీదుగా దూకుతోంది. మలుపు దగ్గర ఎత్తైన బండ మీదికి పాకి నిలబడిన వజ్రనాభుడు చీమంతగా కనబడ్డాడు. చెయ్యి ఊపుతున్నాడో, కేకలు వేస్తున్నాడో ఆ హోరులో తెలియలేదు. నీరు మరకతదుర్గం దారి పట్టింది.

"వదులు," అని అరిచింది గూబ, ముక్కుతో ఆమె చెయ్యి పొడుస్తూ. "వదలకపోతే ఏడు సముద్రాల అవతలికి తీసుకుపోతాను."

"నేల చూపించు, వదులుతాను."

గూబ రెక్కలు ఒక్క విసురు విసిరి మేఘాల్లోకి లేచింది. తెలిసిన కొండలన్నీ కిందికి జారి, పేరు తెలియని అడవులు, ఎప్పుడూ చూడని ఎర్రని ఎడారి ఒకటి, దాని నడుమ పొగలు చిమ్ముతున్న ఇనుపకోట ఒకటి కనబడ్డాయి. కోటబురుజుల మీద వందల గుడ్లగూబలు ఒక్కసారిగా తలలు ఇటు తిప్పాయి. కరాళదంతుడు తిన్నగా వాటి మధ్యకే దిగుతున్నాడు.

చెంగల్వ రెండో చెయ్యి కూడా వేసి పట్టు బిగించింది.